ముందే లాక్ చేయాలా, సేవ్ చేసేటప్పుడు వెర్షన్ చూడాలా?

ఒకే రికార్డును ఇద్దరు తెరిచి మారిస్తే, తర్వాత సేవ్ చేసినవాళ్ల మార్పు ముందుదాన్ని తుడిచేస్తుంది, పైగా ఎర్రర్ కూడా రాదు. దీన్ని ఆపడానికి రెండు దారులున్నాయి.

మొదటిది లాక్. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో 'సెలెక్ట్ ఫర్ అప్‌డేట్' అని చదివితే, మన ట్రాన్సాక్షన్ (ఒకే కట్టగా జరిగే పనులు) ముగిసేదాకా ఆ వరుసను, అంటే ఆ రికార్డును, ఇంకొకరు మార్చలేరు, ఆగాల్సిందే. స్టాక్‌లో ఒక్క చీరే మిగిలి పదిమంది ఒకేసారి కొనబోతుంటే నేను దీన్నే వాడతాను. అయితే లాక్ పట్టుకుని పేమెంట్ జవాబు కోసం మాత్రం ఎదురుచూడకండి, వెనక అందరూ ఇరుక్కుపోతారు. డెడ్‌లాక్ (ఒకరి లాక్ కోసం ఒకరు ఆగి ఇద్దరూ కదలకపోవడం) టెన్షన్ కూడా ఉంటుంది.

రెండోది వెర్షన్ నంబర్, అంటే రికార్డు మారిన ప్రతిసారీ ఒకటి పెరిగే అంకె. కుంగ్, రాబిన్సన్ అనే పరిశోధకులు 1981లోనే ఈ తరహా పద్ధతుల మీద పేపర్ రాశారు. ఇందులో ఎవరినీ ఆపం. చదివినప్పుడు వెర్షన్ 7 అయితే, సేవ్ చేసేటప్పుడు 'ఇంకా 7 ఉంటేనే మార్చు, మార్చి 8 చెయ్యి' అని అప్‌డేట్‌లోనే షరతు పెడతాం. మారిన వరుసలు 0 అని వస్తే మధ్యలో ఎవరో మార్చేశారన్నమాట. చాలా కోడ్‌లలో ఆ 0ని ఎవరూ చూడరు, అప్పుడు మన మార్పు చడీచప్పుడు లేకుండా పోతుంది! కౌచ్‌డీబీ అనే డేటాబేస్ అయితే పాత రివిజన్ (వెర్షన్) పంపగానే 409, అంటే ఘర్షణ ఎర్రర్, అని తిప్పికొడుతుంది, నాకది బాగా నచ్చుతుంది.

మనుషులు అరగంట తెరిచి ఉంచే ఫారాలకు, డాక్యుమెంట్లకు వెర్షనే మేలు. కాకపోతే ఘర్షణ వచ్చినప్పుడు పాత విలువలనే మళ్లీ పంపకుండా, కొత్త కాపీ చదివి రెండు మార్పులనూ యూజర్‌కు చూపించండి.