ఒక కమ్యూనిటీ కళాశాలలో ఏడాది పాకశాస్త్ర డిప్లొమా: విశాఖలో చదివిన విద్యార్థి సమీక్ష

ఆటోనగర్‌లో ఆరేళ్లు పద్దులు రాసిన తరువాత, వంటనే వృత్తిగా చేసుకోవాలని నిశ్చయించుకుని, విశాఖపట్నంలోని ఒక కమ్యూనిటీ కళాశాలలో ఏడాది పాకశాస్త్ర డిప్లొమాలో చేరి పూర్తి చేశాను. లోపాలు కూడా చెప్పవలసి ఉన్నందున కళాశాల పేరు రాయడం లేదు. క్లుప్తంగా నా అభిప్రాయం ఇది: అక్కడ నేర్పిన పాఠంలో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు, ఆ పాఠాన్ని చేతికి ఎక్కించుకోవడానికి కావలసిన సరుకు, పొయ్యి మాత్రం చాలినన్ని లేవు.

మొదటి నెలంతా పొయ్యి వెలగలేదు, కత్తి ఒక్కటే. మన ఇళ్లలో కత్తిపీట కదలదు, కాయే కదులుతుంది. ఇక్కడ కాయ కదలకూడదు, కత్తి కదలాలి. చిన్నప్పటి నుంచి అమ్మ పక్కన కత్తిపీట ముందు కూర్చున్న నాకు ఈ తిరకాసు వంటబట్టడానికి మూడు వారాలు పట్టింది. ఎడమచేతి వేళ్లు లోపలికి ముడిచి, కణుపులను కత్తికి ఆనించి తరగడం అలవాటయ్యేదాకా బొటనవేలికి కట్టు తీయలేదు. బ్రూన్వా అంటే ప్రతి పక్కా 3 మిల్లీమీటర్లు ఉండే చిన్న ఘనపు ముక్క. నేను తరిగిన క్యారెట్ కుప్పలోంచి ఒక ముక్క తీసి ఉక్కు స్కేలు మీద పెట్టి, "ఇది ఏటమ్మా, సాంబారులో ముక్కా?" అని మాస్టారు అడిగినప్పుడు బ్యాచంతా నవ్వింది. ముక్కలన్నీ ఒకే కొలతలో ఉంటేనే అన్నీ ఒకేసారి ఉడుకుతాయన్న సంగతి ఆ రాత్రి ఇంట్లో అదే క్యారెట్‌ను వేయించినప్పుడు కళ్లారా చూశాను, సగం మాడింది, సగం పచ్చిగా ఉంది.

ఈ కోర్సులో అన్నిటికన్నా విలువైనది ఆహార భద్రత పాఠమని నా ఉద్దేశం. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయని పుస్తకంలో చదవడం ఒక ఎత్తు. లోతైన గుండిగలో దించి మూతపెట్టిన పప్పును రెండు గంటల తరువాత గరిటెతో కలిపి, నడిమధ్యన థర్మామీటరు గుచ్చి, ఇంకా వెచ్చగా ఆ ప్రమాదపు హద్దుల్లోనే కూర్చున్న అంకెను చూడడం మరో ఎత్తు. అదే పప్పును వెడల్పాటి పళ్లేల్లో పలచగా పోసి మంచునీళ్ల మీద ఉంచితే ఎంత త్వరగా చల్లారిందో కూడా చూపించారు. విశాఖ ఉక్కపోతలో పెళ్లివంటలు మోసే క్యాటరింగ్ వాళ్లందరికీ ఈ ఒక్క పాఠమైనా చెప్పాలనిపించింది. తరిగేటప్పుడు పచ్చి మాంసానికి ఎర్ర పలక, కూరగాయలకు ఆకుపచ్చ పలక అన్న నియమాన్ని తప్పినవారి చేత ఆ రోజు గిన్నెలన్నీ తోమించేవారు.

సాస్‌ల గురించి ఎక్కువ చెప్పను. ఫ్రెంచి వంటగాడు ఎస్కోఫియే పేరుతో ప్రసిద్ధమైన అయిదు మూల సాస్‌లనూ (మిగతా సాస్‌లకు ఆధారమైనవి) చేయించారు. పచ్చసొన, వెన్న కలిపి చేసే హాలండేజ్ సాస్ నా చేతిలో పాలు విరిగినట్టు విరిగిపోతే, వేరే గిన్నెలో కొత్త పచ్చసొన వేసి, విరిగినదాన్ని చుక్కచుక్కగా కలుపుతూ తిరిగి చిక్కబరిచిన తీరు మాత్రం మరచిపోలేను. స్టాకులోకి, అంటే ఎముకలు, కూరగాయలు మరిగించి తీసే రసంలోకి, ఉల్లి రెండు వంతులు, క్యారెట్ ఒక వంతు, సెలరీ ఒక వంతు అని నల్లబల్ల మీద రాసేవారు గాని, స్టోరు నుంచి సెలరీ రాని రోజులే ఎక్కువ, కొత్తిమీర కాడలతో సరిపెట్టేవాళ్లం. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో మన చేపల పులుసుకు, ఎండు రొయ్యలకు, ఉత్తరాంధ్ర వంటకు కలిపి దక్కింది ఒక్క వారం.

ఇక అసలు ఫిర్యాదు. ఇరవై నాలుగు మందికి ఆరు పొయ్యిలు, అంటే ప్రతి పొయ్యికి నలుగురు. ఒకరు వండితే ఒకరు తరుగుతారు, ఒకరు కడుగుతారు, మిగిలినవారు రికార్డు రాస్తారు. కోడి ఎముకలు తీయడం ఏడాది మొత్తంలో నా చేతికి రెండే సార్లు వచ్చింది. ఇండెంటు, అంటే కావలసిన సరుకుల జాబితా, వారం ముందే ఇచ్చినా సగం సరుకే వచ్చేది. దీనికి పరాకాష్ఠ చేపల ప్రాక్టికల్. జనవరిలో ఒక తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరుకు తీసుకెళ్లి, మొప్పల ఎరుపు, కంటి ఉబ్బు, వేలితో నొక్కితే తిరిగి పొంగే కండ చూసి వంజరం ఎంచుకోవడం చక్కగా నేర్పారు. తీరా కోసి వండే తరగతులను మే నెలలో పెట్టారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, యాంత్రిక పడవల వేటపై నిషేధం ఉంటుందని ఈ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మాకు చెరువు చేపే దిక్కయింది.

ధరల లెక్క పాఠం మాత్రం నా పాత ఉద్యోగం వల్లనేమో బాగా నచ్చింది. కిలో 600 రూపాయల చేప శుభ్రం చేశాక అరవై శాతమే మిగిలితే, వండే కండ అసలు ధర కిలోకు 1,000 రూపాయలని తేలుతుంది. చాలా చిన్న హోటళ్లు మూతపడేది రుచి లేక కాదు, ఈ లెక్క వేయక.

ఉద్యోగం మాటకు వస్తే, చేరేటప్పుడు చెప్పినంత గొప్పగా ఏమీ లేదు. హోటల్ వంటగదిలో అట్టడుగు మెట్టయిన కమీ త్రీగానే (సహాయ వంటవాడిగా) తీసుకుంటారు. మూడేళ్లు హోటల్ మేనేజ్‌మెంట్ చదివే స్తోమతా తీరికా ఉన్నవారు అటే వెళ్లడం మంచిది. ఐటీఐలో ఏడాది ఫుడ్ ప్రొడక్షన్ ట్రేడును కూడా ఒకసారి విచారించండి. నాలాగా వయసు ముప్ఫై దాటి, సాయంత్రం తరగతులు తప్ప వీలుపడనివారికి ఈ డిప్లొమా సరిపోతుంది. ఎక్కడ చేరినా రుసుము కట్టే ముందు ప్రాక్టికల్ జరిగే రోజునే వెళ్లి, ఒక్కో పొయ్యి దగ్గర ఎందరు నిలబడుతున్నారో మీ కళ్లతో లెక్కపెట్టండి. ఎముకలు తీసే కత్తి మాత్రం సొంతంగా కొనుక్కోండి, మా కళాశాలలో ఉన్న రెండూ మేము చేరేనాటికే మొద్దుబారి ఉన్నాయి.