ఫొటో కింది అంకె: పదమూడేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

నేను కడపలో ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. ఫేస్‌బుక్‌లో 2011లోను, ఇన్‌స్టాగ్రామ్‌లో 2016లోను ఖాతా తెరిచాను, రెండూ ఈనాటికీ వాడుతున్నాను. ఇవి మనుషుల్లో ఆడంబరాన్ని పెంచుతాయా, కాలాన్ని హరిస్తాయా అని మా స్టాఫ్ రూములో తరచూ వాదన జరుగుతుంది. రెండూ నిజమేనని నా అనుభవం. అయితే అవి రెండు వేర్వేరు జబ్బులు కావనీ, రెండింటికీ వేరు ఫొటో కింద కనిపించే ఆ లైకుల అంకెలోనే ఉందనీ గ్రహించడానికి నాకు పదేళ్లు పట్టింది.

ఎచ్చులు పోవడం మనకు ఫేస్‌బుక్ నేర్పిన విద్య కాదు. పెళ్లి పందిట్లో ఎవరు ఎంత చదివించారో మైకులో చెప్పించుకున్నవాళ్లమే, పుట్టినరోజుకు కూడలిలో ఫ్లెక్సీలు కట్టించుకున్నవాళ్లమే. కానీ ఆ పందిరి మరునాటికి విప్పేస్తారు. 2009 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ లైక్ బొత్తాన్ని తెచ్చిన తర్వాత మన జేబులో వెలిసిన పందిరి మాత్రం ఎన్నటికీ విప్పనిది. అంతకుముందు ఒకరిని మెచ్చుకోవాలంటే కనీసం నాలుగు మాటలు రాయవలసి వచ్చేది. బొత్తాం వచ్చాక మాటల స్థానంలో అంకె వచ్చింది, అంకె వచ్చాక పక్కవాడి అంకెతో పోలిక వచ్చింది.

ఆ అంకె నన్ను ఎంత దూరం తీసుకుపోయిందో ఒక సంఘటన చెబుతాను. 2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేటి వరద రాజంపేట మండలంలోని పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట గ్రామాల మీద పడింది. ఆ రాత్రి నేను పెట్టిన ఒక్క పోస్టును చూసి, ఎప్పుడో విడిపోయిన నా పాత సహాధ్యాయులు, నేను ముఖం కూడా చూడనివారు కలిసి రెండు రోజుల్లో ముప్పై బస్తాల బియ్యం, నూటికి పైగా దుప్పట్లు, వంటపాత్రలు సమకూర్చారు. ఈ మాధ్యమాల వల్ల మేలు లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

ఆ దుప్పట్లు పంచడానికి వెళ్లిన చోటే నా తప్పు కూడా జరిగింది. బురద మేట వేసిన ఒక ఇంటి ముందు నిలబడిన అవ్వకు దుప్పటి ఇస్తూ మేము నలుగురం దాని నాలుగు అంచులూ పట్టుకున్నాము. ఎండ మా వెనుక నుంచి పడుతున్నందున ముఖాలు నల్లగా వస్తున్నాయని ఫొటో తీసే మిత్రుడు మమ్మల్ని ఈ పక్కకు తిరగమన్నాడు. తర్వాత బ్యానరు కనిపించడం లేదన్నాడు. ఆ తర్వాత అవ్వను తల ఎత్తమన్నాడు. ఆమె రెండు చేతులూ చాచి, "ఇయ్యండి నాయనా, సలి పెడతాంది" అన్నది. "ఒక్క నిమిషం ఉండవ్వా" అన్న గొంతు నాదే. ఆ ఫొటోకు రాత్రికి 412 లైకులు వచ్చాయి. నిద్రపోయేలోపు ఎన్నిసార్లు ఫోను తెరిచి ఆ అంకె చూసుకున్నానో లెక్క లేదు. కానీ ఆ అవ్వ ఆ రాత్రి ఎక్కడ పడుకుందోనన్న ఆలోచన ఒక్కసారి కూడా నాకు రాలేదు. అది గుర్తుకు వస్తే ఇప్పటికీ మనసు మెలిపెడుతుంది.

ఆ తర్వాత నా ఫోనులోని సమయ వివరాలు తీసి చూశాను. రోజుకు సగటున రెండు గంటల యాభై నిమిషాలు ఈ రెండు యాప్‌లకే పోతున్నాయి. పోస్టు రాయడానికి పట్టేది ఐదు నిమిషాలే, మిగిలినదంతా ఎవరు చూశారో, ఎంతమంది మెచ్చారోనని ఎదురుచూడటమే. మా ప్రాంతంలో మట్కా చీటీ రాసినవాడు ఏ అంకె తగులుతుందోనని సాయంత్రం దాకా అంగడి చుట్టూ తిరగడం చిన్నప్పుడు చూశాను. నా తీరు దానికి భిన్నంగా ఏమీ లేదు. అంకె కోసం లోపలికి వెళ్లినవాడు వెంటనే బయటికి రాకుండా అడుగే లేని పేజీ కిందికి జారుతూ ఉంటుంది, 2020 జూలైలో మన దేశంలో మొదలైన రీల్స్ అందుకు తోడయ్యాయి. ఈ యాప్‌లు నడిపేవారి ఆదాయమంతా దాదాపు ప్రకటనల మీదే కాబట్టి, మనం లోపల గడిపే ప్రతి నిమిషమూ వారికి సరుకే.

పిల్లల విషయంలో నాకు బెంగ ఎక్కువ. కిందటేడు పదో తరగతి పిల్లలను గండికోటకు తీసుకుపోయాము. పెన్నా కొండను కోసిన ఆ లోయ అంచున చాలామంది లోయకు వీపు పెట్టి ఫోనుకు ముఖం పెట్టారు. మాధవరాయ ఆలయం గురించి, జామియా మసీదు గురించి, పక్కనే ఉన్న ధాన్యాగారం గురించి నేను చెప్పినది ఎందరికి చేరిందో తెలియదు. ఒక అమ్మాయి ఒకే చోట పదిహేడు ఫొటోలు తీయించుకుని పదహారు చెరిపేసింది. ఎందుకమ్మా అని అడిగితే, "వాటిలో లావుగా ఉండాను సార్, ఎవరూ లైక్ కొట్టరు" అన్నది. దాన్ని ఆడంబరం అనడానికి నాకు నోరు రాలేదు. పెద్దవాళ్లలో అది గొప్ప చూపించుకోవాలన్న కోరిక కావచ్చు గాని, ఆ వయసులో అది తక్కువైపోతానేమోనన్న భయం. పదో తరగతి దాటేదాకా పిల్లలకు సొంత ఖాతా వద్దని మా ఇంట్లో నిర్ణయించుకోవడానికి ఆ పదహారు ఫొటోలే కారణం.

2021 మేలో లైకుల సంఖ్యను దాచుకునే వీలు రెండింటిలోనూ కల్పించారు. నేను 2022లో దాన్ని వాడటం మొదలుపెట్టాను. ఇతరుల అంకెలు కనిపించవు, మన అంకె ఇతరులకు కనిపించదు. అయితే మనది మనకు కనిపిస్తూనే ఉంటుంది, అదీ దీనిలోని పెద్ద లోపం. పైగా ఎవరికివారు సెట్టింగుల లోపలికి వెళ్లి వెతికి పెట్టుకోవాలి. అందువల్ల నోటిఫికేషన్లు ఆపేశాను, యాప్‌లు ఫోను నుంచి తీసేసి, సాయంత్రం కంప్యూటరులో మాత్రమే చూస్తున్నాను. ఇప్పుడు రోజుకు ముప్పై ఐదు నిమిషాలకు మించడం లేదు. మొదటి నెల చేయి ఊరికే జేబులోకి పోయేది, తర్వాత సర్దుకుంది.

ఆ ముప్పై ఐదు నిమిషాల్లో ఎక్కువ భాగం మా జిల్లా శాసనాలు, శిల్పాల మీద ఆసక్తి ఉన్నవారి బృందానికే ఇస్తున్నాను. కిందటి నెల ఒక రైతు తన పొలం గట్టున సగం పూడిపోయిన వీరగల్లును, అంటే పోరులో మరణించిన వీరుడి గుర్తుగా నిలిపిన శిల్పపు రాయిని, నీళ్లతో కడిగి, పక్కవాటుగా వెలుతురు పడేలా ఫొటో తీసి పెట్టాడు. గుర్రం మీది వీరుడి చేతిలో కత్తి స్పష్టంగా కనిపిస్తోంది. దానికి వచ్చినవి తొమ్మిది లైకులు. దాని కిందనే మరో మూడు ఊళ్లవారు తమ పొలాల్లోని రాళ్ల ఫొటోలు జతచేశారు. దసరా సెలవుల్లో ఆ నాలుగు ఊళ్లకూ వెళ్లి రావడానికి దారి రాసిపెట్టుకున్నాను.