నీలి సీతాకోకచిలుకకు ఏది మేలు: కంచె, మేత, నిప్పు

అరుదైన ప్రాణి ఏదైనా ఒక చోట మిగిలి ఉందని తెలిస్తే మనకు ముందు తట్టే ఆలోచన కంచె. మనుషులు, పశువులు అడుగు పెట్టకుండా చేస్తే చాలు, మిగతాది దానంతటదే జరుగుతుందనుకుంటాం. ఇంగ్లండులో లార్జ్ బ్లూ అనే సీతాకోకచిలుక ఈ నమ్మకం వల్ల బాగా నష్టపోయింది. 1979లో అది ఆ దేశంలో పూర్తిగా అంతరించింది. ఇప్పుడు మళ్లీ అక్కడ ఎగురుతోంది. పోయిన కథ, తిరిగొచ్చిన కథ రెండూ చూస్తే కంచె కన్నా ఆవు నోరే దానికి ఎక్కువ మేలు చేసిందని తేలుతుంది.

ముందు దాని రూపు చెప్పాలి. అక్కడి నీలి జాతుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే. అయినా రెక్కలు విప్పితే ఆ చివర నుంచి ఈ చివరకు నాలుగైదు సెంటీమీటర్లే. పైన నిండు నీలం, అంచున నల్లని పట్టీ, ముందు రెక్కల మీద నల్లని మచ్చలు. రెక్కలు మూస్తే కనిపించేది బూడిద రంగు, దాని మీద నల్ల చుక్కలు, ఒంటికి దగ్గర్లో కాస్త నీలి పచ్చ ఛాయ. జూన్ మధ్య నుంచి జులై వరకు మాత్రమే ఎగురుతుంది. మన గట్ల మీద గడ్డిలో తిరిగే బుల్లి నీలి సీతాకోకచిలుకలు కూడా ఈ కుటుంబానివే.

తల్లి గుడ్లు పెట్టేది వైల్డ్ థైమ్ అనే, నేలను అంటిపెట్టుకుని పెరిగే చిన్న పూల మొక్క మొగ్గల మీద, లేదా మన మరువానికి దగ్గరి చుట్టమైన అడవి మరువం మీద. గొంగళి పురుగు రెండు మూడు వారాలు ఆ పూలు తిని నేల మీదకు రాలిపోతుంది. అక్కడ దాని కోసం ఒక ఎర్ర చీమ రావాలి. పురుగు ఒంటి నుంచి తీపి రసం, చీమ పిల్లల వాసన వస్తాయి. తమ పిల్లే దారి తప్పిందనుకుని చీమ దాన్ని నోట కరుచుకుని పుట్టలోకి మోసుకుపోతుంది. లోపల ఈ అతిథి చీమల పిల్లల్ని తింటూ దాదాపు పది నెలలు గడుపుతుంది. దాని బరువులో 90 శాతానికి పైగా ఆ చీకట్లో పెరిగిందే. ప్యూపాగా మారేదీ అక్కడే, రెక్కలొచ్చాక బయటకు పాకేదీ అక్కడి నుంచే.

గొంగళి పురుగు చీమల పుట్టలో పెరుగుతుందని 1915 నాటికే తెలుసు. కానీ ఏ చీమ అన్నది ఎవరూ పట్టించుకోలేదు. 1972 నుంచి జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త చివరిగా మిగిలిన గుంపు దగ్గరే ఉండి గమనిస్తే అసలు విషయం బయటపడింది. ఎర్ర చీమల్లో చాలా రకాలు పురుగును మోసుకెళ్తాయి. అయితే మిర్మికా సబులేటి అనే రకం పుట్టల్లోనే అది సరిగ్గా బతుకుతుంది. ఆ చీమకు వెచ్చని నేల కావాలి. దక్షిణం వాలుగా ఎండ తగిలే చోట, గడ్డి రెండు మూడు సెంటీమీటర్లు దాటకుండా ఉంటేనే నేలకు ఆ వేడి అందుతుంది. గడ్డి కాస్త ఎదిగినా నీడ పడి నేల చల్లబడుతుంది. అప్పుడు ఈ చీమ తప్పుకుంటుంది, వేరే చీమ వచ్చి చేరుతుంది.

ఇది తెలిశాక కంచె సంగతి అర్థమైంది. సీతాకోకచిలుకల్ని పట్టి అద్దాల పెట్టెల్లో దాచుకునే వాళ్ల వల్లే ఇది తగ్గిపోతోందని భావించి కొన్ని చోట్ల కంచెలు వేశారు. అవి మనుషులతో పాటు పశువుల్నీ ఆపేశాయి. దానికి తోడు 1953లో మిక్సోమటోసిస్ రోగం వచ్చి కుందేళ్లు కుప్పలుగా చనిపోయాయి. మేసే నోళ్లు లేక గడ్డి పెరిగింది. థైమ్ ఇంకా పూస్తూనే ఉంది కాబట్టి పైకి అంతా బాగానే కనిపించింది. కింద చీమ మారిపోయింది.

అందుకని కంచె పూర్తిగా దండగ అనను. 2017లో ఒక వ్యక్తి ఈ సీతాకోకచిలుకల్ని పట్టి చంపినందుకు కోర్టు ఆరు నెలల జైలు శిక్ష వేసి, అమలును వాయిదా వేసింది. అంటే దొంగ చేతి భయం నిజమే. దానికి చట్టం, కాపలా ఉండాలి. మేత ఆపేసే కంచె మాత్రం వద్దు.

మేతకు కూడా వేళ ఉంది. పూలు, గుడ్లు ఉండే వేసవిలో పశువుల్ని వదిలితే పూలతో పాటు గుడ్లనీ నమిలేస్తాయి. శరదృతువు నుంచి వసంతం దాకా పురుగు పుట్టలో భద్రంగా ఉంటుంది, అప్పుడు మేపాలి. మిషన్‌తో గడ్డి కోయవచ్చు కదా అంటే, ఎత్తు తగ్గుతుంది సరే, కానీ గిట్టలు తొక్కి మట్టి బయటపెడితేనే థైమ్ గింజ మొలవడానికి చోటు దొరుకుతుంది. పశువులు దొరకని చోట కోత ఫరవాలేదు, అంతే.

పెంచి వదలడం ఇంకో దారి. 1983 నుంచి లార్జ్ బ్లూను స్వీడన్‌లోని ఓలాండ్ దీవి నుంచి తెచ్చి ఇంగ్లండులో వదిలారు. 2019లో గ్లోస్టర్‌షైర్‌లోని రాడ్‌బరో కామన్‌లో 1,100 పురుగుల్ని వదిలితే మరుసటి వేసవికి సుమారు 750 సీతాకోకచిలుకలు వచ్చాయి. అక్కడ 150 ఏళ్ల తర్వాత అవి కనిపించడం అదే మొదలు. నాకు గొప్పగా అనిపించేది ఆ అంకెల కన్నా, వదలడానికి ముందు ఏళ్ల తరబడి గడ్డిని, చీమల్ని సిద్ధం చేసిన ఓపిక. ఆ పని చేయకుండా వదిలితే పురుగులు వృథా.

అయితే మేతే అన్నిచోట్లా మందు అనుకుంటే పొరపాటు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం విలామెట్ లోయలో ఫెండర్స్ బ్లూ ఉంది. రెక్కల వెడల్పు రెండున్నర సెంటీమీటర్లే. మగది నీలం, ఆడది గోధుమ రంగు. 1937 తర్వాత కనపడక పోయిందనుకున్నారు, 1989లో మళ్లీ దొరికింది. దాని పురుగు తినేది లుపిన్ అనే చిక్కుడు జాతి మొక్క, ముఖ్యంగా కింకెయిడ్స్ లుపిన్. అక్కడి ఆదివాసులైన కలపూయ ప్రజలు తరతరాలుగా ఆ లోయ పచ్చికను తగలబెడుతూ తెరిపిగా ఉంచేవారు. నిప్పు ఆగాక పొదలు, బయటి నుంచి వచ్చిన పొడవాటి గడ్డి కమ్ముకున్నాయి.

కాబట్టి అక్కడ నిప్పే మేలా? సగం వరకే. లార్జ్ బ్లూ పురుగులా దీనికి పుట్ట రక్షణ లేదు, లుపిన్ మొక్క మొదలు దగ్గర ఎండుటాకుల మధ్య నిద్రపోతుంది. మంట వచ్చిన చోట అది కాలిపోతుంది. అందుకే పచ్చికలో ఒక ముక్కను మాత్రమే కాల్చి, మిగతా చోట్ల బతికినవి తర్వాత అక్కడికి వచ్చేలా చూస్తారు. కోత, లుపిన్ నాటడం కూడా కలిపారు. 2000లో అంతరించే ముప్పున్న జాతిగా జాబితాలోకెక్కిన ఈ సీతాకోకచిలుకను 2023లో ఒక మెట్టు తక్కువ ప్రమాదంలోకి మార్చారు.

నన్నడిగితే, ఏది మేలో తేల్చే ముందు పురుగు ఏ నెలలో ఎక్కడుందో అడగాలి. నేల కింద ఉంటే మేపొచ్చు, ఆకుల్లో ఉంటే ముక్కలుగా కాల్చాలి. బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లు చూడాలనుకుంటే సోమర్సెట్‌లోని కాలర్డ్ హిల్‌కు జూన్ చివర్లో, ఎండ ఉన్న రోజు వెళ్లండి. బాట దిగకండి, పక్కన గడ్డిలో కాలు పెడితే థైమ్ పూల మీది గుడ్లు నలిగిపోతాయి. పోర్ట్‌లాండ్, హిల్స్‌బరో వైపు ఉండేవాళ్లకు విలామెట్ లోయలోని బాస్కెట్ స్లూ రక్షిత ప్రాంతం కారులో వెళ్లి వచ్చేంత దూరమే. ఫెండర్స్ బ్లూ అక్కడ మే, జూన్ నెలల్లో ఎగురుతుంది.