అనంతపురంలో జాబ్ వెతుక్కుంటున్నవాళ్లు జాగ్రత్త: ‘85 శాతం సక్సెస్ రేటు’ ప్యాకేజీ కథ

మన ఊళ్లో ఒక కన్సల్టెన్సీ కొత్త ప్యాకేజీ అమ్ముతోంది. మీ బదులు వాళ్లే అప్లై చేస్తారట, ఏ అప్లికేషన్ ఎంతదాకా వచ్చిందో షీట్‌లో చూపిస్తారట, వాళ్ల ఇంటర్వ్యూ సక్సెస్ రేటు 85 శాతమట. బీటెక్ అయిపోయి ఖాళీగా ఉన్న మా తమ్ముడు 12 వేలు కట్టి చేరాడు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు.

షీట్ చూడ్డానికి భలే ఉంటుంది. ‘షార్ట్‌లిస్ట్’ అని ఎన్నో వరుసలకు పచ్చరంగు. ఇంట్లో అందరికీ సంబరం. ఇన్ని షార్ట్‌లిస్టులైతే ఒక్క కాల్ లెటరైనా రావాలి కదా అని ఇద్దరం కూర్చుని ఒక్కో వరుసనూ మెయిల్‌తో సరిచూశాం. చాలావరకు ‘మీ అప్లికేషన్ అందింది, ధన్యవాదాలు’ అని కంపెనీ సిస్టమ్ దానంతట అదే పంపే మెయిళ్లు! ఒక వరుసలో ‘ఇంటర్వ్యూ పూర్తయింది’ అని ఉంది, తేదీ చూస్తే ఆదివారం. ఆ రోజు వీడు పెనుకొండలో మా మేనత్తవాళ్ల పెళ్లిలో వడ్డిస్తున్నాడు. అడిగితే, “ఫోన్ వచ్చింది కదా సార్, అదే స్క్రీనింగ్ రౌండ్” అన్నారు. ఆ ఫోన్ చేసింది బెంగళూరులో ఇంకో కన్సల్టెన్సీ, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని!

ఇంతకీ 85 శాతం అంటే ఎందులో? గట్టిగా అడిగితే, ఆఖరి రౌండ్ దాకా పోయినవాళ్లలో అన్నారు. లెక్క చూడండి. 200 చోట్ల అప్లై చేస్తే 10 ఇంటర్వ్యూలు, ఒక ఆఫర్ వచ్చాయనుకుందాం. అప్లికేషన్ల మీద లెక్కేస్తే అర శాతం, ఇంటర్వ్యూల మీద 10 శాతం. ఆఖరి రౌండ్‌కు పోయింది ఆ ఒక్కచోటే అయితే నూటికి నూరు! పాంప్లెట్ మీద ఏది వేస్తారో మీకే తెలుసు.

అసలు ఈ లెక్క మనకెందుకంటే, ఎక్కడ ఆగిపోతున్నామో తెలియడానికి. అప్లికేషన్లు పోతున్నా కాల్స్ రావడం లేదంటే రెజ్యూమే సంగతో, మనకు సరిపడని పోస్టుల సంగతో చూసుకోవాలి. కాల్స్ వచ్చి ఇంటర్వ్యూలో పోతుంటే ప్రిపరేషన్ చూసుకోవాలి. అన్నింటికీ పచ్చరంగు పూస్తే ఏం తెలుస్తుంది? ఒక మామూలు ఎక్సెల్ షీట్ చాలు: తేదీ, కంపెనీ, పోస్టు, ఏ రెజ్యూమే పంపాం, ఎవరు ఫోన్ చేశారు, ఏ రౌండ్‌లో ఆగింది. నోటుబుక్కులో రాసుకున్నా సరే.

డబ్బు కంటే పెద్ద నష్టం వేరే ఉంది. జాబ్ సైట్ నౌక్రీలో మా తమ్ముడి పాస్‌వర్డ్ తీసుకుని, ఫ్రెషర్ రెజ్యూమేలో రెండేళ్ల అనుభవం చేర్చేశారు. రేపు కంపెనీ మన వివరాలు నిజమో కాదో సరిచూసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే చేతికొచ్చిన జాబ్ కూడా పోతుంది. ఒకే కంపెనీకి మళ్లీమళ్లీ అప్లై చేశారు. ఒకసారి కాదన్నాక కొన్ని నెలలదాకా మళ్లీ తీసుకోని కంపెనీలు ఉన్నాయి, అక్కడ ఆ దారి మూసుకున్నట్టే.

రీఫండ్ అడిగితే “సర్వీస్ మొదలైపోయింది” అని గమ్మునుండిపోయారు. బిల్లు ఇవ్వలేదు, ఫోన్‌పే రసీదు, వాట్సాప్ మెసేజీలే మా ఆధారం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

ఇప్పటికే కట్టేసినవాళ్లుంటే ముందు పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత ప్రొఫైల్ తెరిచి, మీ పేరు మీద ఏ రెజ్యూమే ఉందో పూర్తిగా చదవండి. రీఫండ్ సంగతి ఆ తర్వాత.