పుట్టగొడుగుల బూజు పట్టించిన ఎండుగడ్డి: కొన్నేళ్లు మేపాక నా మాట

ఎండుగడ్డికి ఆయిస్టర్ పుట్టగొడుగుల విత్తనం కలిపి, తెల్లటి బూజు అల్లుకున్నాక మేపడం నాకు కొన్నేళ్ల అలవాటు. ఇకముందూ మానను. అయితే మొత్తం మేత దీనిమీదే నడపాలనుకునేవాళ్లకి మాత్రం వద్దనే చెబుతాను.

గడ్డిలో శక్తికి కొదవ లేదు. పశువుకి శక్తినిచ్చే పీచు, అంటే సెల్యులోజ్, దండిగా ఉంటుంది, కాకపోతే కాడని గట్టిపరిచే లిగ్నిన్ అనే పదార్థం దాన్ని గట్టిగా పట్టేసి ఉంచుతుంది. ఆ లిగ్నిన్ విడిపోవాలంటే ఆక్సిజన్ కావాలి, పశువు మొదటి పొట్టలో అది దాదాపు ఉండదు. అందుకే ఆ పని బయటే శిలీంధ్రం (ఈ పుట్టగొడుగుల బూజు) చేత చేయిస్తాం.

ముక్కలు చేసిన గడ్డిని నానబెట్టి, 70–80 డిగ్రీల వేడినీళ్లలో ఓ గంట ఉంచి, నీరు ఓడ్చి చల్లారుస్తాను. గుప్పిట్లో పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు కారకూడదు. విత్తనం కలిపి, చిల్లులు పెట్టిన సంచుల్లో 25 డిగ్రీల దగ్గర ఉంచితే మూడు నాలుగు వారాల్లో సంచి అంతా తెల్లబడుతుంది.

అసలు కిటుకు ఎప్పుడు ఆపాలన్నదే. పుట్టగొడుగుల మొగ్గలు రాకముందే సంచి విప్పాలి. పుట్టగొడుగులు కోసుకుని మిగిలిన గడ్డి మేపితే రెండు లాభాలూ వస్తాయని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. మొగ్గ తొడగడానికి శిలీంధ్రం సెల్యులోజ్‌నే తినేస్తుంది, పశువుకి దక్కాల్సింది అదే కదా. పైగా విచ్చుకున్న పుట్టగొడుగుల ధూళి పీలిస్తే మనకే దగ్గు, ఆయాసం.

సరిగ్గా కుదిరిన గడ్డి మెత్తగా విరుగుతుంది, కమ్మటి పుట్టగొడుగుల వాసన వస్తుంది. పశువులు మొదట్లో మూతి తిప్పుకుంటాయి. మామూలు గడ్డిలో కొంచెం కొంచెం కలుపుతూ పోతే అలవాటు పడి, గాడిలో కాడలు మిగల్చడం బాగా తగ్గిస్తాయి. పచ్చగానో నల్లగానో బూజు కనిపిస్తే మాత్రం ఆ ముక్క తీసేసి మిగతాది వేయొద్దు, సంచి మొత్తం ఎరువు గుంటకే. వాటిలో కొన్ని విషం తయారు చేస్తాయి.

నష్టం కూడా చెప్పాలి. శిలీంధ్రం తన తిండి తాను తింటుంది, 100 కిలోల పొడిగడ్డిలో 10–20 కిలోలు అలా పోతాయి. ప్రోటీన్ శాతం కాస్త పెరిగినట్టు కనిపించేది ఎక్కువగా ఈ తరుగు వల్లే, ప్రోటీన్‌కి కావాల్సిన నత్రజని కొత్తగా వచ్చి చేరదు. కాబట్టి నూనెగింజల చెక్క, పచ్చిమేత మానకూడదు. వరిగడ్డిలోని సిలికా (ఇసుకలో ఉండే గరుకు పదార్థం) ఎలాగూ అలాగే ఉంటుంది.

వట్టిపోయిన పశువులకి, ఎదిగే పెయ్యలకి ఇది బాగా పనికొచ్చింది. పాలు ఎక్కువిచ్చేవాటికి దాణాకి బదులుగా లెక్కేయను. గడ్డివాము మొత్తం బాగుచేయాలంటే 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా కలిపిన నీళ్లు చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచే పద్ధతే తేలిక. వేడినీళ్లకి వంటచెరకు, రోజూ సంచులు చూసుకునే మనిషి ఉన్న ఇంటికే ఈ బూజు గడ్డి నప్పుతుంది. విప్పిన సంచి తడిగానే ఉంటుంది కనుక ఒకటి రెండు రోజుల్లో వేసేయాలి, లేదా ఎండలో పలచగా పరిచి పూర్తిగా ఆరబెట్టి దాచుకోవాలి.