అరోరా ఉండిపోవడమా, జోయెల్ ‘సరే’ అనడమా: ఏది నమ్మేలా ఉంది?

‘ప్యాసెంజర్స్’ (2016) మొదటి సగం నన్ను కట్టిపడేస్తుంది. ముగింపు దగ్గరకు వచ్చేసరికి మాత్రం మనసు ఒప్పుకోదు. ఎందుకో ‘ఎటర్నల్ సన్‌షైన్ ఆఫ్ ద స్పాట్‌లెస్ మైండ్’ (2004) మళ్లీ చూశాక అర్థమైంది. రెండూ సైన్స్ ఫిక్షన్ ప్రేమకథలే. రెండింటిలోనూ గాయపడ్డ మనసులు చివరికి కలిసే ఉంటాయి. (ముగింపులు చెప్పకుండా ఈ సంగతి మాట్లాడుకోలేం, సినిమాలు చూడనివారు ఇక్కడే ఆగిపోవచ్చు.)

ముందు ‘ప్యాసెంజర్స్’ కథానాయకుడు జిమ్ సంగతి. 120 ఏళ్ల అంతరిక్ష ప్రయాణం, నిద్రపెట్టెల్లో 5,000 మంది ప్రయాణికులు. యంత్రం చెడిపోయి అతనొక్కడే 90 ఏళ్లు ముందుగా మేలుకుంటాడు. ఏడాదికి పైగా మాట్లాడడానికి దొరికేది బార్‌లో గ్లాసులు తుడిచే మరమనిషి ఆర్థర్ ఒక్కడే. ఆ ఓడలో మంచి కాఫీ కూడా ఖరీదైన టికెట్ వాళ్లకే. మెకానిక్ జిమ్‌కు మామూలుదే గతి. గడ్డం మాసిపోతుంది. ఒకరోజు స్పేస్ సూటు లేకుండా ఓడ తలుపు తెరుచుకోబోయేచోట నిలబడి, వెనక్కి తగ్గుతాడు. అప్పుడు కనబడుతుంది నిద్రలో ఉన్న తోటి ప్రయాణికురాలు అరోరా. ఆమె వీడియోలు చూస్తాడు, రాతలు చదువుతాడు, లేపకూడదని తనతోనూ ఆర్థర్‌తోనూ వాదించుకుంటాడు, లేపేస్తాడు. ఆపైన అబద్ధమాడతాడు. క్షమించలేని పనే, కానీ మధ్యలో ఒక్క మెట్టూ ఎగ్గొట్టలేదు. ఈ విషయంలో ‘ప్యాసెంజర్స్’దే పైచేయి. ‘ఎటర్నల్ సన్‌షైన్’లో జోయెల్ తన ప్రేయసి క్లెమెంటైన్ గురించిన జ్ఞాపకాలు చెరిపించుకోవడానికి వెళ్లేది ఉక్రోషంతో: ఆమె నన్ను చెరిపేసింది, నేనూ ఆమెను చెరిపేస్తాను!

నిజం తెలిశాక అరోరా కోపమూ నమ్మేలాగే ఉంటుంది. రాత్రివేళ అతని గదిలోకి వెళ్లి చితకబాదుతుంది. ఇనుప పనిముట్టు ఎత్తి, కొట్టలేక ఆగిపోతుంది. ఎత్తిన ఆ చెయ్యి అతని చేతిని పట్టుకునేదాకా ఎలా వచ్చిందో చెప్పాల్సిన బాధ్యత రచయితది. ఆయన చెప్పలేదు, ఓడకు ప్రమాదం తెచ్చిపెట్టాడు. చావు ముంచుకొస్తుంటే పక్కనున్న మనిషిని పట్టుకోవడం సహజమే. ప్రమాదం గడిచిన మర్నాడు పొద్దున ఏమనిపిస్తుంది?

అసలు పరీక్ష అక్కడే ఉంది. ఆటోడాక్ అనే వైద్యయంత్రంలో ఒక్కరు మళ్లీ నిద్రపోవచ్చు, నువ్వు వెళ్లు అంటాడు జిమ్. అరోరా మామూలు మనిషి కాదు. కొత్త గ్రహానికి వెళ్లి, ఏడాది ఉండి, మళ్లీ భూమికి తిరిగొచ్చి ఆ కథ రాయాలని బయలుదేరిన రచయిత్రి. అందుకోసం తనవాళ్లందరినీ, తన కాలాన్నే వదులుకుంది. అలాంటి మనిషి ఆ ప్రయాణాన్ని ఎందుకు వదులుకుందో ఆమె తనలో తాను తేల్చుకోవడం మనం చూడం. 88 ఏళ్ల తర్వాత చెట్లు మొలిచిన హాలు చూపించి, సుఖంగానే బతికారులెమ్మని మనల్నే అనుకోమంటుంది సినిమా.

‘ఎటర్నల్ సన్‌షైన్’ చివర్లో ప్రాణాపాయం ఏదీ లేదు, రెండు టేపులు మాత్రమే ఉన్నాయి. చెరిపించుకోవడానికి ముందు ఇద్దరూ ఒకరి గురించి ఒకరు చెప్పిన చేదుమాటలు వాళ్ల చెవుల్లోనే పడతాయి. జోయెల్ ఇంట్లో అతని గొంతు తనను చులకన చేస్తూ మోగుతుంటే క్లెమెంటైన్ వినలేక నడవాలోకి వచ్చేస్తుంది. ఆగమంటూ వెనకాలే వస్తాడు. ఇప్పుడు నీలో నచ్చనిది ఏదీ కనబడడం లేదంటాడతను. కనబడుతుంది, నాకూ నీతో విసుగు పుడుతుంది అంటుందామె. సరే అంటాడు. ఆమె కూడా సరే అంటుంది, నవ్వూ ఏడుపూ కలిసిపోయి.

వెళ్లిపోవాలంటే ఆమెకు అడ్డేమీ లేదు. అయినా ఆగింది కాబట్టే నాకు నమ్మకం కుదిరింది. వాళ్లు మళ్లీ విడిపోతారనే నా అనుమానం, అది వేరే సంగతి.

కథ అరోరా మేలుకోవడంతో మొదలైతే బాగుండేదని ‘ప్యాసెంజర్స్’ గురించి చాలామంది అంటారు. ఉత్కంఠ పెరిగేదేమో గానీ ముగింపులోని లోటు తీరేది కాదు. నాకు కావలసింది ఒక్క సన్నివేశం: ఓడ బాగుపడింది, ప్రమాదం లేదు, జిమ్ నిద్రపోతున్నాడు. అరోరా ఒంటరిగా వెళ్లి ఆటోడాక్ మూత తెరిచి, కాసేపు దాని అంచు మీద కూర్చోవాలి.