ఉప్పుగాలి ఊళ్లో వరండాకు ఏ దోమల జాలీ?

కాకినాడలో మా ఇల్లు సముద్రానికి కిలోమీటరు దూరం. ముందు వరండాలోనే నాన్నగారి పేపరు, పిల్లల హోంవర్కు. 2016లో దాని చుట్టూ దోమల జాలీ బిగించాం.

మొదట వేయించింది అల్యూమినియం. తుప్పు పట్టదన్నారు. ఇనుములా ఎర్రబడని మాట నిజమే. కానీ రెండేళ్లకే ఉప్పుగాలికి తెల్లటి పొడి కట్టి, వేలితో నొక్కితే చిల్లు పడేది. చూసీ చూడనట్టు వదిలేశాం. ఆ వానాకాలంలోనే మా పాపకు డెంగీ వచ్చింది. ఆ చిల్లుల వల్లేనని చెప్పలేను గానీ, పాప ఆస్పత్రి నుంచి రాగానే జాలీ మొత్తం పీకించేశాను.

తర్వాత నల్ల ఫైబర్‌గ్లాస్ వేయించాం. గాజు దారం మీద పీవీసీ పూత, కాబట్టి తుప్పు గొడవే లేదు. నలుపైతే చీకటిగా ఉంటుందని అమ్మ వద్దంది. నిజానికి ఎండ పడితే తెల్లదే మెరిసి కళ్లకు అడ్డం పడుతుంది, నల్లదాంట్లోంచి వీధి చక్కగా కనిపిస్తుంది. అంగుళానికి 18 బై 16 కళ్లున్న రకం మాది. దోమ దూరదు, దీపం దగ్గరకు చేరే నుసి పురుగులు మాత్రం వస్తాయి. వాటి కోసం ఒక పక్క ఇంకా సన్నకళ్ల జాలీ వేయించాం. మే నెలలో గాలాడక, ఉక్కపోత భరించలేక తీయించేశాం.

ఫైబర్‌గ్లాస్‌కు శత్రువు పిల్లి గోళ్లు. అందుకే కింది రెండున్నర అడుగులకు స్టీలు జాలీ పెట్టాం. 304 గ్రేడు స్టీలుకు ఏడాదిలోనే గోధుమరంగు మచ్చలొచ్చాయి. మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 గ్రేడు ఉప్పును బాగా తట్టుకుంటుంది. ఖరీదెక్కువే, అయినా సముద్రం పక్కన ఉండేవాళ్లు స్టీలు వేస్తే అదే వేయండి.

జాలీ ఎంత మంచిదైనా దాన్ని పట్టి ఉంచేది గాడిలోని రబ్బరు బీడింగే. ఎండకు అది గట్టిపడి పైకి లేస్తే అంచుల్లోంచి దోమలు వస్తాయి. మేం మూడేళ్లకోసారి మారుస్తున్నాం. తలుపు కింద సందుకు బ్రష్ పట్టీ కూడా తప్పనిసరి. డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి ఆ తలుపు మధ్యాహ్నం కూడా మూసే ఉంచుతాం. నెలకోసారి మంచినీళ్లతో జాలీ కడిగి ఉప్పు వదిలిస్తాం.

పడమటి ఎండ పడే వైపు ఫైబర్‌గ్లాస్ ఈమధ్య పెళుసెక్కింది. ఆ ఒక్క వైపూ మార్పిస్తున్నాం, మళ్లీ అదే నల్లది.